రోమన్లతో గెలిపిస్తామంటూ అమ్ముతున్న ఆ గైడు కొనకండి

‘రోమ్: టోటల్ వార్ రీమాస్టర్డ్‌లో రోమన్ కుటుంబాలతో గెలుపు ఖాయం’ అనే ప్రకటనతో ఆ కంప్యూటర్ యుద్ధ ఆట మీద తెలుగులో ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. ఒక పీడీఎఫ్, కొన్ని వీడియో పాఠాలు, వాటితో పాటు ‘గెలిచిన సేవ్ ఫైలు’, అంటే ఆటను ఎక్కడిదాకా ఆడామో దాచుకునే ఫైలు. ధర 699 రూపాయలు, చెల్లింపు యూపీఐలో మాత్రమే. అమ్మే వ్యక్తి పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు మార్చుకోవడానికి ఎంతోసేపు పట్టదు కాబట్టి, సరుకును చూసి గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు.

ఆ ప్యాకేజీని కొన్నది మా తమ్ముడు. “అన్నయ్యా, ఇందులో రాసినట్టే ఆడుతున్నాను, అయినా ఊళ్లు ఒకటి తర్వాత ఒకటి తిరగబడుతున్నాయి” అంటూ ఫైలు నాకు పంపించాడు. 2004లో వచ్చిన పాత ఆటను ఏళ్ల తరబడి ఆడినవాడిని. పది పేజీలు తిప్పేసరికి విషయం అర్థమైంది. అది వేరే ఆట గురించి రాసిన గైడు. ఎవరిదో పెళ్లి శుభలేఖలో వధూవరుల పేర్లు మాత్రం మార్చి పంచినట్టు, 2013లో వచ్చిన రోమ్ 2 అనే వేరే ఆట మీద రాసిన దానికి, పాత ఆటకే మెరుగులు దిద్ది 2021లో తెచ్చిన రీమాస్టర్డ్ అట్ట తగిలించారు. మధ్యమధ్య ఏదో చరిత్ర పుస్తకంలోని పేరాలు కూడా కలిపినట్టున్నారు.

మొదటి అధ్యాయంలోనే ‘కొర్నేలియా కుటుంబాన్ని ఎంచుకోండి’ అని ఉంది. కొర్నేలియా, జూనియా, జూలియా అనే ఎంపిక రోమ్ 2లో ఉంటుంది. అక్కడ రోమ్ మొత్తం ఒకే పక్షం, కుటుంబాల పోరంతా లోపలి రాజకీయమే. రీమాస్టర్డ్‌లో అలా కాదు. జూలియై, బ్రూటియై, స్కిపియై మూడూ మూడు వేర్వేరు పక్షాలు. ఎవరి ఊళ్లు, ఎవరి సైన్యం, ఎవరి ఖజానా వారిదే. రోమ్ నగరం సెనేట్ అనే పాలక సభ చేతిలో ఉంటుంది. క్రీ.పూ. 270లో ఆట మొదలయ్యేటప్పటికి జూలియై దగ్గర ఆరెటియమ్, అరిమినమ్, బ్రూటియై దగ్గర టారెంటమ్, క్రోటన్, స్కిపియై దగ్గర కాపువా, మెస్సానా ఉంటాయి. ఈ ఆరు ఊళ్ల పేర్లు ఆ గైడులో ఎక్కడా కనబడలేదు. ‘సేనాపతి లేకుండా దండు కదలదు’ అన్న వాక్యం మాత్రం మూడు చోట్ల ఉంది. ఆ నియమం కూడా రోమ్ 2దే. ఈ ఆటలో మామూలు కెప్టెన్ కూడా దండును నడిపించగలడు.

ఇలాంటి గైడు ఎవరైనా అమ్మజూపితే డబ్బు పంపే ముందు ఒక్క ప్రశ్న అడగండి: జూలియై కుటుంబం ఏ దేవుళ్లకు గుళ్లు కట్టగలదు? ఆట నిజంగా ఆడినవారు వెంటనే సెరెస్, బాకస్, జూపిటర్ అంటారు. మార్స్, మెర్క్యురీ, జూనో బ్రూటియైవి. నెప్ట్యూన్, వల్కన్, శాటర్న్ స్కిపియైవి. మా తమ్ముడు కొన్న పీడీఎఫ్ జూలియై వారిని మార్స్ గుడి కట్టమంటుంది. పాపం, ఆ గుడి కోసం కట్టడాల జాబితా అంతా వెతికాడట.

మారియస్ సంస్కరణల గురించి, అంటే రోమన్ సేనాని మారియస్ పేరుతో పాత దళాల స్థానంలో కొత్త లెజియన్ దళాలు వచ్చే మార్పు గురించి రాసింది ఇంకా ఘోరం. ‘క్రీ.పూ. 107లో వస్తాయి, అప్పటిదాకా డబ్బు దాచుకోండి’ అని సలహా. మారియస్ తొలిసారి కాన్సుల్ (రోమ్‌లో పెద్ద పాలక పదవి) అయింది నిజంగా ఆ ఏడాదే. కానీ ఈ ఆటకు ఆ క్యాలెండరుతో పనిలేదు. ఇటలీలోని ఏదైనా ఒక నగరం జనాభా 24,000కు చేరి, అక్కడ ఇంపీరియల్ ప్యాలెస్ అనే పెద్ద పాలనా భవనం కట్టడం పూర్తయితేనే సంస్కరణలు వస్తాయి. ఏడాదికి రెండు టర్న్‌ల (ఆటలో మన వంతుల) చొప్పున 107 దాకా చేతులు ముడుచుకుని కూర్చుంటే, అప్పటికి ఎవరో ఒకరు మిమ్మల్ని మింగేస్తారు. ఇంకో సంగతి గైడులో అసలు లేదు. సంస్కరణలు వచ్చాక హస్తాటి, ప్రిన్సిపేస్, ట్రియారి అనే పాత కాల్బలాలను కొత్తగా చేర్చుకోలేరు, దెబ్బతిన్నవాటిని తిరిగి నింపుకోలేరు కూడా. అందుకే సంస్కరణలకు ముందు పాత దళాల మీద ఎక్కువ ఖర్చు పెట్టకుండా, సరిహద్దు ఊళ్లలో దళాలను తయారుచేసే బారకాసులు పెంచుకుంటూ పోవడం మేలని నా అభిప్రాయం.

ఊళ్లు తిరగబడటానికి కారణం మూడో అధ్యాయంలో ఉంది. ‘ప్రతి ఊళ్లో పొలాలు చివరి స్థాయి దాకా పెంచండి, సెరెస్ గుడి కట్టండి, జనాభాయే బలం’ అని రాశారు. వినడానికి బాగానే ఉంటుంది. ఈ ఆటలో జనాభా పెరిగేకొద్దీ మురికి పెరుగుతుంది, మురికి పెరిగేకొద్దీ జనం కోపం పెరుగుతుంది. దానికి తోడు రాజధానికి దూరంగా ఉన్న ఊళ్లలో అశాంతి ఇంకా ఎక్కువ. గాల్, స్పెయిన్ గెలిచాక కూడా రాజధానిని ఆరెటియమ్‌లోనే ఉంచితే చివరి ఊళ్లు ఎప్పుడూ ఉడుకుతూనే ఉంటాయి. రాజధానిని రాజ్యం నడిమికి మార్చుకోండి, ఒక్క టర్న్‌లోనే తేడా తెలుస్తుంది. పొలాలను అన్ని ఊళ్లలో కాకుండా, ఎదగనివ్వాలనుకున్న ఒకటి రెండు ఇటలీ నగరాల్లోనే పెంచండి. సంస్కరణలకు కావలసిన 24,000 కూడా అక్కడే వస్తుంది. కావలి దళం ప్రభావం మనుషుల సంఖ్యను బట్టి ఉంటుంది, వారి నైపుణ్యాన్ని బట్టి కాదు. లోపలి ఊళ్లలో ఖరీదైన దళాలను కూర్చోబెట్టడం వృథా, చవకైన రైతు దళాలు సరిపోతాయి. పట్టుకున్న పెద్ద నగరాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచుకోవడం కన్నా జనాన్ని బానిసలుగా తరలించడం చాలాసార్లు లాభం. వారు మీ గవర్నర్లు ఉన్న ఊళ్లకు చేరతారు, కొత్త నగరమూ చల్లబడుతుంది. చెప్పడానికి క్రూరంగా ఉంది, కానీ ఆట అలా కట్టారు.

సెనేట్ విషయంలో గైడు చెప్పేది ఒక్క ముక్క: ‘సెనేట్ పనులు పట్టించుకోకండి, మొదట్లోనే రోమ్ మీద పడండి.’ కొత్తవారు దీన్ని నమ్మి ఆడితే ఆట అక్కడితో ముగిసినట్టే. మొదట్లో సెనేట్ ఇచ్చే పనులు మీకు ఎలాగూ కావలసినవే. జూలియైకి సెగెస్టా, బ్రూటియైకి అపోలోనియా, స్కిపియైకి సిరాక్యూస్. ఆ ఊరు మీకే మిగులుతుంది, పైగా బహుమానం వస్తుంది. మీ మనుషులకు క్వెస్టర్ నుంచి కాన్సుల్ దాకా పదవులు దొరుకుతాయి. రోమ్ దగ్గర సెనేట్‌కు సొంత సైన్యం ఉంటుంది. దాని మీద చేయి వేస్తే మిగతా రెండు కుటుంబాలూ అదే క్షణం మీకు శత్రువులు. మొదటి టర్న్‌లలో రెండు ఊళ్లున్నవాడు మూడు పక్షాలతో ఎలా తలపడతాడు?

నిజానికి ఆ యుద్ధం ఎలాగూ వస్తుంది. ఊళ్లు గెలిచేకొద్దీ ప్రజల్లో మీ పేరు పెరుగుతుంది, సెనేట్‌లో అసూయ పెరుగుతుంది. చివరికి మీ కుటుంబ పెద్దను ఆత్మహత్య చేసుకోమని ఆదేశం వస్తుంది. అది రాకముందే, ప్రజాభిమానం సూచిక పైకి ఎగబాకుతున్నప్పుడే, మంచి సేనాపతితో రెండు నిండు దండులను రోమ్‌కు దగ్గరలో దింపి ఉంచాలి. స్కిపియైకి కాపువా నుంచి అది తేలిక. జూలియై అయితే ఆరెటియమ్‌లో కావలి పెంచుకోవాలి. బ్రూటియైకి మాత్రం ఇందులో ఒక వరం ఉంది: గ్రీసు రేవుల సముద్ర వ్యాపారం, దానికి తోడు రోడ్స్ దీవి. అంత ఖజానా ఉన్నవాడికి అంతర్యుద్ధం భారం కాదు. అందుకే నన్నడిగితే మొదటిసారి ఆడేవారు బ్రూటియైనే తీసుకోవాలి.

యుద్ధరంగం పాఠాల మీద ఎక్కువ రాయను. హస్తాటిని టెస్టుడో వ్యూహంలో, అంటే డాళ్లను చుట్టూ, తలల మీదా కప్పుకుని నడపమని ఒక వీడియో చెబుతుంది. సంస్కరణల తర్వాత వచ్చే లెజియన్ దళాలకు తప్ప ఆ వ్యూహమే లేదు. పొడవాటి బల్లేలతో ఒత్తుగా నిలబడే గ్రీకుల ఫాలాంక్స్‌కు ఎదురెళ్లమని కూడా ఉంది. ముందు ఈటెలు విసిరించి, ముందు వరుసను నిలబెట్టి, గుర్రాలను పక్క నుంచి వెనక నుంచి పంపాలని ఈ ఆట ఆడిన పిల్లవాడైనా చెబుతాడు.

అసలు ప్రమాదం సేవ్ ఫైలు దగ్గర ఉంది. ‘ఫైలు మేమే ఎక్కిస్తాం, మీ స్టీమ్ ఖాతా పేరు, పాస్‌వర్డ్ పంపండి’ అంటున్నారు. స్టీమ్ అంటే కంప్యూటర్ ఆటలు కొనుక్కునే ఆన్‌లైన్ దుకాణం. సేవ్ ఫైలు అంటే ఒక ఫోల్డరులో పెట్టుకునే మామూలు ఫైలు. దానికి ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు. ఖాతా వివరాలు ఇతరులకు ఇవ్వడం స్టీమ్ నిబంధనలకే విరుద్ధం. మా తమ్ముడు ఇవ్వలేదు. డబ్బు వెనక్కి ఇవ్వమంటే ‘ఆడటం రాక గైడును నిందిస్తున్నారు’ అని జవాబిచ్చి, ఆ తర్వాత నంబరు బ్లాక్ చేశారు.

స్టీమ్‌లో కొన్న ఆటను 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే వెనక్కి ఇవ్వవచ్చు. బయట యూపీఐతో కొన్న పీడీఎఫ్‌కు ఆ వెసులుబాటు వర్తించదు. ప్రకటనలో చెప్పింది ఒకటి, చేతికి వచ్చింది ఒకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. చెల్లింపు రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్ దగ్గర ఉంచుకోండి. ఖాతా చేజారినా, డబ్బు మోసంగా పోయినా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఆలస్యం చేయకుండా ఫోన్ చేయాలి. పాస్‌వర్డ్ ఇప్పటికే పంపినవారు ఈ రాత్రే దాన్ని మార్చి, స్టీమ్ గార్డ్ (లాగిన్‌కు అదనపు కోడ్ అడిగే రక్షణ) పెట్టుకుని, మిగతా అన్ని పరికరాల నుంచి ఖాతాను లాగౌట్ చేయండి. అదే పాస్‌వర్డ్ ఈమెయిలుకు కూడా వాడుతుంటే ముందు దాన్ని మార్చండి.