హైడెల్‌బెర్గ్‌లో ఒక్క రోజు, వెంట చిన్నపిల్ల: కోటా, కొండా, జూనా, ఏది మేలు?

మేముండేది జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌కి దగ్గర్లోనే. పక్కన వాల్డోర్ఫ్‌లో ఎస్ఏపీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉండటంతో ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లు కనిపిస్తూనే ఉంటాయి. వేసవి వచ్చిందంటే ఎవరో ఒకరి ఇంటికి స్నేహితులు దిగుతారు. "రేపు సాయంత్రం పారిస్ రైలు, ఆలోపు మీ ఊరు చూపించెయ్" అంటారు. పెద్దవాళ్లే అయితే ఎటు నడిపించినా నడుస్తారు. వెంట ఐదారేళ్ల పిల్ల ఉంటే మాత్రం ఎక్కడికి వెళ్లాలో ముందు రాత్రే తేల్చుకోవాలి.

మా ఊళ్లో అందుకు మూడు దారులున్నాయి. కోట, దాని కింద పాత ఊరు, పాత వంతెన ఒకటి. కొండ రైలెక్కి క్యోనిగ్‌ష్టూల్ శిఖరానికి వెళ్లి, అక్కడున్న పిల్లల పార్కులో గడపడం రెండోది. నెకార్ నదికి అవతలి ఒడ్డున జూ, గడ్డి మైదానం మూడోది.

రెండేళ్ల కిందట నా కాలేజీ స్నేహితురాలి కుటుంబం హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు నేను ఏదీ వదులుకోలేకపోయాను. పొద్దున కోట, మధ్యాహ్నం వంతెన, అక్కడితో ఆగకుండా నది దాటి ఫిలాసఫర్ల బాట వైపు ఎక్కించాను. వంతెన దగ్గర నుంచి ఆ బాటకు వెళ్లే దారి రెండు గోడల మధ్య మెలికలు తిరుగుతూ నిటారుగా పోతుంది. సగం దూరంలో పాప మెట్టు మీద కూర్చుండిపోయింది. "పిన్నీ, నా కాళ్లు అయిపోయాయి" అంది. వాళ్ల నాన్న భుజాన వేసుకుని పైకి మోశాడు. ఊరంతా కనిపించే చోటికి చేరాం కానీ, ఏడుస్తున్న పిల్లను పక్కన పెట్టుకుని ఎవరూ నిలబడి చూడలేదు. అన్ని వేల కిలోమీటర్లు వచ్చినవాళ్లకు ఆ సాయంత్రం అలా గడిచినందుకు నాకు ఇప్పటికీ బాధే. అప్పటినుంచి ఏది చూపించాలన్నా ముందు పిల్ల కాళ్లను బట్టే లెక్క వేస్తున్నాను.

ఆ లెక్కలో కోట ఓడిపోతుందని అనుకున్నాను. ఓడిపోలేదు.

పెద్దవాళ్లకు ఆ కోట గొప్పదనం దాని శిథిలాల్లోనే ఉంది. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సైన్యం 1689లో ఒకసారి, 1693లో మరోసారి దాన్ని పాడుచేసింది. కొంత బాగుచేసుకున్నాక 1764లో పిడుగు పడి కాలిపోయింది. ఎర్ర రాతి గోడల్లో కిటికీలున్న చోట ఇప్పుడు ఆకాశం కనిపిస్తుంది. మన గోల్కొండ చూసినవాళ్లకు ఆ ఖాళీ గోడల మధ్య నిలబడితే కలిగే దిగులు కొత్తేమీ కాదు.

పిల్లకు చూపించాల్సినవి వేరు. కోట ద్వారం దగ్గర ఒక ఇనుప కడియం వేలాడుతూ ఉంటుంది. దాన్ని కొరికి విరిచినవాళ్లకు కోట ఇచ్చేస్తామన్నారట. ఒక మంత్రగత్తె వచ్చి కొరికిందట, విరగలేదు కానీ చీలిక పడిందట. ఆ చీలికను చూపించి కథ చెప్పండి, పిల్ల వెంటనే తన పన్ను చూపించి "నేను కొరకనా?" అంటుంది. తర్వాత నది వైపున్న పెద్ద ఆరుబయటి డాబాలో నేల మీద ఒక పాదముద్ర ఉంటుంది. కోట తగలబడుతుంటే పై కిటికీలోంచి దూకిన యోధుడిదని చెబుతారు. వచ్చినవాళ్లంతా అందులో తమ కాలు పెట్టి చూసుకుంటారు. హైదరాబాద్ పాప తన చిన్న బూటు అందులో పెట్టి ఐదు నిమిషాలు తీయలేదు.

ఇక పీపా. నేలమాళిగలో 1751 నాటి పెద్ద చెక్క పీపా ఉంది. పన్ను కింద వసూలు చేసిన ద్రాక్ష సారాయిని అందులో పోసేవారు. రెండు లక్షల ఇరవై వేల లీటర్లు పడుతుంది. అంత సంఖ్య చెబితే పిల్లకు అర్థం కాదు. "మీ వీధిలోకి వచ్చే పదివేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు ఇరవై రెండు" అన్నాను. దాని కళ్లు పెద్దవయ్యాయి. మెట్లెక్కి పీపా మీదికే వెళ్లొచ్చు. ఎదురుగా పెర్కియో అనే పొట్టి విదూషకుడి బొమ్మ కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉంటుంది.

కోట లోపలి గదులు చూపించే గైడెడ్ టూర్ మాత్రం చిన్నపిల్లలతో వద్దు. తాకకూడని కుర్చీల మధ్య దాదాపు గంటసేపు నిలబడి వినడం ఆ వయసుకు శిక్ష. మందుల మ్యూజియం మామూలు కోట టికెట్లోనే ఉంటుంది, పాత సీసాలూ మూలికలూ చూసి పావుగంటలో బయటికి రావచ్చు. కోటకు నడిచి ఎక్కితే మూడొందలకు పైగా మెట్లు. అవసరం లేదు, కోట టికెట్లోనే కింది కొండ రైలు రానూపోనూ కలిసి ఉంటుంది.

కోట దిగాక వంతెన. 1788లో కట్టిన ఈ రాతి వంతెనను 1945లో వెనక్కి పోతున్న జర్మన్ సైన్యమే పేల్చేసింది, 1947కల్లా తిరిగి కట్టారు. పిల్లకు కావలసింది దాని మొదట్లో ఉన్న కంచు కోతి. 1979లో పెట్టారు, చేతిలో అద్దం ఉంటుంది. తల లోపల బోలు, పిల్లలు అందులో తల దూర్చి ఫొటో దిగుతారు. అద్దం తాకితే డబ్బు, వేళ్లు తాకితే మళ్లీ ఈ ఊరికి రావడం, పక్కనున్న ఎలుకలను తాకితే సంతానం అని నమ్మకం.

ఈ దారిలో లోపం ఒకటే. పిల్ల పరిగెత్తడానికి చోటు లేదు. వీధులన్నీ రాళ్లు పరిచినవి, చిన్న చక్రాల స్ట్రాలర్ తోయడం కష్టం. ప్రధాన వీధి ఒకటిన్నర కిలోమీటరు దాటి ఉంటుంది, అంతా దుకాణాలే. దాన్ని చివరిదాకా నడిపించకండి.

కొండ సంగతికి వస్తే, రైలు ప్రయాణమే అక్కడి అసలు సరదా. మోల్కెన్‌కూర్ దగ్గర దిగి రెండో రైలు మారాలి. ఆ పై రైలు పెట్టెలు 1907 నాటి చెక్కవి. కిర్రుమంటూ అడవిలోంచి ఎక్కుతాయి. శిఖరం ఎత్తు 568 మీటర్లు, మబ్బు లేకపోతే రైన్ మైదానమంతా పరుచుకుని కనిపిస్తుంది. పైన మేర్షెన్‌పారాడీస్ అని జానపద కథల బొమ్మలూ చిన్న రైలూ ఉన్న పార్కుంది. మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు బాగుంటుంది. కానీ శిఖరానికి వేరే టికెట్, పార్కుకు వేరే టికెట్. చలికాలంలో పార్కు మూసేస్తారు. మబ్బు పట్టిన రోజు పైకెళితే పెద్దవాళ్లకు పొగమంచు తప్ప ఏమీ మిగలదు. జర్మనీ చూడాలని వచ్చినవాళ్లను ఆ ఒక్క రోజూ పిల్లల పార్కులో కూర్చోబెట్టడం నాకు మనసొప్పదు.

జూ వేరు. 1934లో మొదలైన జూ, మరీ పెద్దది కాదు కాబట్టి చిన్న కాళ్లతో మొత్తం తిరగొచ్చు. ఇక్కడ ఆసియా ఏనుగుల్లో కుర్ర మగవాటిని ఒక గుంపుగా ఉంచుతారు. మగ ఏనుగులు ఎదిగాక తల్లుల మందను వదిలేస్తాయి, అందుకని వాటికి తోటివాళ్లతో బతకడం నేర్పే చోటు ఇది. అవి తొండాలతో తోసుకుంటుంటే పిల్లలే కాదు, నేనూ కదల్లేకపోయాను. అక్కడినుంచి నది ఒడ్డు మైదానానికి వస్తే నీళ్లతో ఆడుకునే ప్లేగ్రౌండ్ ఉంది, దూరంగా కోట కనిపిస్తుంది. దుప్పటి పరిచి పులిహోర, పెరుగన్నం డబ్బాలు తెరవచ్చు. బాతుల రెట్టలు మాత్రం చూసుకుని కూర్చోవాలి. జూన్‌లో అయితే రాత్రి తొమ్మిది దాకా వెలుతురే.

నా తీర్పు ఇది. పిల్లకు ఐదేళ్లు దాటితే కోటా వంతెనా, కథలు చెప్పగలిగేవాళ్లు వెంట ఉంటే ఇంకా మేలు. పొద్దున్నే మొదలుపెట్టి రెండింటికల్లా ముగించి, మిగిలిన సాయంత్రం మైదానంలో వదిలేయాలి. ఐదేళ్లలోపు పిల్లకు కోట రాళ్లగుట్టే, నేరుగా జూకి వెళ్లాలి. కోటను పెద్దవాళ్లు నది అవతలినుంచే చూస్తారు, తక్కువేమీ కాదు. కొండ రెండో రోజు ఉన్నవాళ్లకే. రోజంతా వాన పడితే మూడూ మానేసి జిన్స్‌హైమ్ అనే ఊళ్లోని టెక్నాలజీ మ్యూజియానికి రైలెక్కడం నయం. అక్కడ కాంకోర్డ్, రష్యావాళ్ల టుపోలెవ్ విమానాలు రెండూ పైకప్పు మీద నిలబెట్టి ఉంటాయి, లోపలికి ఎక్కొచ్చు.

ఏ దారైనా చేతిలో చిల్లర నాణేలు ఉంచుకోండి, టాయిలెట్‌కు చాలాచోట్ల డబ్బు అడుగుతారు. ట్రామ్, బస్సులకు రోజు టికెట్ తీసుకుంటే ఐదుగురి వరకు ఒకే టికెట్ మీద తిరగవచ్చు, ఆరేళ్లలోపు పిల్లకు అసలు టికెట్టే అక్కర్లేదు. వచ్చేది ఆదివారమైతే పాలూ పండ్లూ శనివారమే తెచ్చిపెట్టుకోవాలి, సూపర్ మార్కెట్లు తీయరు.

వచ్చే నెల మా ఆయన స్నేహితుడి కుటుంబం వస్తోంది. వాళ్ల బాబుకు నాలుగేళ్లు. "కోట చూపిస్తావుగా?" అని అడిగారు. ముందు ఏనుగులు, తర్వాత పెరుగన్నం, బాబుకు ఓపిక ఉంటే వంతెన దాకా వెళ్లి కోతి తలలో వాడి తల పెట్టి ఒక ఫొటో అని చెప్పాను.