కడలెకాయి పరిషె రోజుల్లో చెన్నైకి: పల్లీలు పడని పాపతో ఐదు రోజులు

కార్తీకమాసం చివరి సోమవారం దగ్గర పడిందంటే బెంగళూరులో మా బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే శెనక్కాయల జాతర, సందడి మొదలవుతుంది. దొడ్డ బసవన్న గుడి ముందు రోడ్డుకు రెండు వైపులా శెనక్కాయల రాశులు పోస్తారు. కోలారు, చింతామణి, మాగడి వైపు నుంచే కాదు, మన ఆంధ్ర నుంచీ రైతులు వస్తారు. చేలో పడి మేస్తున్న బసవన్నకు తొలి పంట ఇస్తామని మొక్కుకున్నారని కథ. గుడిని కెంపేగౌడ 1537లో కట్టించాడని చెబుతారు. నాది అనంతపురం జిల్లా. మా నాన్న ముప్పై ఏళ్లు శెనక్కాయే పండించాడు. పెళ్లయి ఈ వీధికి వచ్చిన కొత్తలో పరిషె అంటే నాకు పుట్టింటికి వెళ్లినట్టే ఉండేది. ఇప్పుడు ఆ నాలుగైదు రోజులూ ఊరు విడిచి వెళ్తున్నాం. మా పాపకు నాలుగేళ్లు. దానికి వేరుశనగ, జీడిపప్పు రెండూ పడవు.

'పడవు' అనే మాటతోనే నాకు పెద్ద చిక్కు. మన వాళ్లకు పెరుగు పడదంటే జలుబు చేస్తుందని, వంకాయ పడదంటే దురద పుడుతుందని అర్థం. అందుకే ఈమధ్య నేను ఆ మాట మానేసి "తింటే ఊపిరాడదు" అని చెబుతున్నాను. ఏడాదిన్నర వయసులో వేలితో చట్నీ నాకిన పది నిమిషాలకు పెదవులు వాచి, వాంతులై, గొంతు బొంగురుపోయింది. ఆ రాత్రి తరవాత మాకు ఆ మాటలో అతిశయం ఏమీ కనిపించదు. వాసనతో సాధారణంగా అంత ప్రమాదం రాదని మా డాక్టర్ చెప్పారు. చేతికంటినది నోట్లోకి వెళ్లడమే ప్రమాదం. పరిషె రోజుల్లో మా మెట్ల దాకా తొక్కలే. వంగి ఏది దొరికితే అది ఏరుకునే వయసు దానిది.

ఈసారి చెన్నై అనుకున్నాం. పెరంబూరులో మా పిన్ని ఉంది, పాప సముద్రం చూడలేదు. హోటల్‌ బుక్ చేయడానికి ముందే పిల్లల ఆసుపత్రులు చూసి పెట్టుకున్నాం. ఎగ్మోర్‌లో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉంది, నుంగంబాక్కంలో కంచి కామకోటి చైల్డ్స్ ట్రస్ట్ ఆసుపత్రి ఉంది. మేం ఉండబోయే చోట్లకు దగ్గరలో రాత్రి కూడా ఎమర్జెన్సీ తెరిచి ఉండేవి ఏవో ఫోన్ చేసి కనుక్కుని నంబర్లు ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకున్నాం. 108 ఎలాగూ తమిళనాడులోనూ పనిచేస్తుంది.

మందుల సంచి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అలర్జీతో ఊపిరాడనప్పుడు వేసుకోవడానికి విదేశాల్లో ఉన్న వాళ్లు వాడే అడ్రినలిన్ సూది పెన్ను ఇక్కడ మందుల షాపులో అడిగితే దొరికేది కాదు. మా దగ్గర ఉన్నది అడ్రినలిన్ ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు గొట్టం), 1 మిల్లీలీటరు సిరంజి. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము లెక్కన పాప మోతాదు ఎంతో డాక్టరే సిరంజి మీద గీత గీసి చూపించారు. తొడకు బయటివైపు కండరంలో ఎలా వేయాలో నాకూ మా ఆయనకూ నీళ్లతో, నారింజపండు మీద సాధన చేయించారు. ఆ ఆంప్యూల్‌ను ఎండ తగలకుండా ఉంచాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చిన్న ఇన్సులేటెడ్ పర్సులో రెండు ఆంప్యూళ్లు, రెండు సిరంజిలు, సెట్రిజిన్ సిరప్, డాక్టర్ ఉత్తరం. సిరప్ దద్దుర్లను తగ్గిస్తుందే తప్ప ఊపిరి ఆగిపోతుంటే కాపాడలేదు. ఈ తేడా తెలియని తల్లిదండ్రులు నాకు ఇంకా తారసపడుతూనే ఉన్నారు, అందుకే ఎక్కడ అవకాశం వచ్చినా చెబుతాను.

రైలు విషయంలో సంతోషమే. వందేభారత్‌లో టికెట్ తీసుకునేటప్పుడే భోజనం వద్దని పెట్టుకోవచ్చు, ఆ మేరకు డబ్బూ తగ్గుతుంది. నాలుగున్నర గంటల ప్రయాణం కాబట్టి ఇంటి ఇడ్లీ, పెరుగన్నం సరిపోయాయి. ఎక్కగానే సీటు, ట్రే, కిటికీ అంచు తడి వైప్స్‌తో తుడిచాం. శానిటైజర్ రుద్దితే క్రిములు చస్తాయేమో గాని వేరుశనగ ప్రొటీన్ పోదు, దానికి సబ్బునీళ్లో వైప్సో కావాలి. పక్క సీటాయన మసాలా పల్లీల పొట్లం విప్పబోతుంటే మా ఆయన వెళ్లి రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. ఆ పెద్దాయన పొట్లం మడిచి పైన బ్యాగులో పెట్టేసి, కాట్పాడి దాటాక పాపకు కిటికీలోంచి కొండలు చూపిస్తూ కూర్చున్నాడు.

మొదటి రాత్రి టీ నగర్‌లో ఒక హోటల్. వెంకటనారాయణ రోడ్డులోని టీటీడీ గుడికి నడిచి వెళ్లొచ్చని అక్కడ తీసుకున్నాం. గుడిలో తెలుగు మాటలు చెవిన పడుతుంటే పాపకు కొత్త ఊరనే బెరుకు పోయింది. తిరుపతి లడ్డులో జీడిపప్పు ఉంటుంది కాబట్టి ప్రసాదం దగ్గరే మాకు ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. ఇంట్లో పుట్నాలపొడితో చిన్న లడ్డూలు చేసి డబ్బాలో తీసుకెళ్తాను. స్వామికి చూపించి "ఇది నీది" అని ఇస్తాను. కళ్లకద్దుకుని తింటుంది. ఆ ఒక్క నిమిషం కోసం ముందురోజు రాత్రి పదకొండింటికి పొయ్యి దగ్గర నిలబడటం నాకు కష్టమనిపించదు.

ఆ హోటల్ గది శుభ్రంగా ఉంది, లిఫ్టు ఉంది, పిల్లల మంచం అడగ్గానే వేశారు. బుక్ చేసే ముందు ఫోన్‌లో అలర్జీ సంగతి చెబితే "నో ప్రాబ్లమ్ మేడమ్" అన్నారు. వచ్చాక రిసెప్షన్‌లో చెప్పినా అదే మాట. పొద్దున టిఫిన్ దగ్గర తమిళంలో రాయించుకున్న నా కార్డు చూపిస్తే ఆ అబ్బాయి ఒక్క క్షణం చూసి తిరిగి ఇచ్చేసి, సాదా దోసె తెచ్చాడు. రెండు ముక్కలు తినగానే పాప మూతి మూల ఎర్రబడింది. మెడ మీద మూడు దద్దుర్లు. ప్లేటు లాగేసి, మూతీ చేతులూ కడిగి, సిరప్ పోసి, ఇంజెక్షన్ పర్సు విప్పి ఒళ్లో పెట్టుకున్నాను. వాంతి, దగ్గు, పిల్లికూత, గొంతు మారడం, సోలిపోవడం, వీటిలో ఏది కనబడినా ఆలోచించకుండా సూది వేసి ఆసుపత్రికి పరుగెత్తాలని మా కాగితంలో ఉంది. ఏదీ రాలేదు. అయినా నాలుగు గంటలు దాని శ్వాస లెక్కపెడుతూనే కూర్చున్నాం.

మా ఆయన వంటింటి గుమ్మం దాకా వెళ్లి పెనం దగ్గరున్న ఆయన్నే అడిగాడు. తిరువణ్ణామలై వైపు మనిషి. అదే పెనం మీద అంతకుముందు పొడి దోసె వేశాడట. పొడిలో "మల్లాట్టై ఉంది సార్" అన్నాడు. ఆ వైపు వేరుశనగను మల్లాట్టై అంటారు. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. విని ఆ మనిషి ముఖం పాలిపోయింది, చేతులు జోడించాడు. ఆయన మీద నాకు కోపం లేదు. కనుక్కోకుండానే పర్వాలేదన్న వాళ్ల మీద ఉంది. డెస్కు దగ్గర "మూడు దద్దుర్లే కదా" అన్నప్పుడు నేను గట్టిగానే మాట్లాడాను. రెండో రాత్రి డబ్బు సగమే తిరిగిచ్చారు. సామాను సర్దుకుని వచ్చేశాం.

భాష దగ్గర ఎంత జాగ్రత్తగా ఉండాలో అప్పుడు తెలిసింది. తమిళంలో కడలై ఒకటి కాదు. వేర్కడలై, నిలక్కడలై అంటే మన వేరుశనగ. పొట్టుకడలై పుట్నాలు, కొండకడలై శనగలు, కడలైపరుప్పు శనగపప్పు. కాని కడలై ఎణ్ణెయ్ అంటే మళ్లీ వేరుశనగ నూనె. కన్నడలోనూ అంతే, కడలెకాయి పల్లీ, హురిగడలె పుట్నాలు. మనమూ శనగనూనె అనే అంటాం కదా. మా పాప శనగలూ పుట్నాలూ హాయిగా తింటుంది. అందుకని "కడలై పడదు" అంటే తినదగినవి పోతాయి, "కడలై పర్వాలేదు" అంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ మధ్యాహ్నమే కార్డు మార్చాను. వేర్కడలై, నిలక్కడలై, మల్లాట్టై, జీడిపప్పుకు ముందిరి అని నాలుగు పేర్లూ పెద్ద అక్షరాలతో రాయించి, పక్కన బొమ్మలు అతికించాను. కింద "దయచేసి వంట చేసేవారికి చూపించండి" అని.

తిరువాన్మియూరులో వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్‌కు మారాం. రోజుకు 3,200 రూపాయలు, టీ నగర్ గది కన్నా ఆరు వందలు ఎక్కువ. గోడలు చెమ్మ పట్టాయి, వానలకు బట్టలారలేదు, వేడినీళ్ల కోసం పావుగంట ఆగాలి. అయినా అలర్జీ ఉన్న పిల్లలతో వెళ్లే ఎవరికైనా మొదటి రాత్రి నుంచే ఇలాంటిదే తీసుకోమంటాను. గిన్నెలు, గరిటె, చిన్న పెనం మావే తీసుకెళ్లాం. అక్కడి మిక్సీ ముట్టుకోలేదు, జారు రబ్బరు సందులో ఏముందో ఎవరికి తెలుసు! బియ్యం, పప్పు, పాలు, కూరగాయలు కిందే దొరికాయి. ప్యాకెట్ సరుకుల మీద వేరుశనగ, గింజపప్పులు ఉంటే చెప్పి తీరాలన్న రూలు మన దగ్గర ఉంది కాబట్టి లేబుల్ చదివి కొన్నాం. మిఠాయి కొట్లో విడిగా తూచి ఇచ్చేవాటికి ఆ భరోసా లేదు. వాటి జోలికి వెళ్లలేదు.

ఆ సందు చివర చిన్న మెస్ ఉంది. నడిపే అమ్మకు అరవై దాటి ఉంటాయి. కార్డు తీసుకుని లోపలికి వెళ్లి వంటాయనకు చదివి వినిపించి వచ్చింది. "మాది చెక్కు నూనెమ్మా, వేరుశనగదే. అన్నిటికీ అదే గరిటె. పాపకు ఇక్కడ వద్దు. మీరిద్దరూ తినండి, పాప అన్నానికి వేడినీళ్లిస్తాను" అంది. గానుగలో ఆడిన నూనెలో ప్రొటీన్ మిగులుతుందని మా డాక్టర్ కూడా వద్దన్నారు. మూడు రోజులూ మా ఇద్దరి భోజనం అక్కడే. పాప తన డబ్బాతో మా మధ్య కూర్చుంది. ఆ అమ్మ ప్రతిసారీ మా బల్లను కొత్త గుడ్డతో తుడిచేది. చెన్నైలో నేను పూర్తిగా నమ్మిన వంటిల్లు అది, మా పాపకు మెతుకు కూడా పెట్టనన్న వంటిల్లు.

బీచ్ గురించి ఒక మాట. సాయంత్రం మెరీనా, బెసెంట్ నగర్ రెండూ మాకు కుదరవు. సుండల్ (గుగ్గిళ్ల) బళ్లు, వేయించిన వేర్కడలై పొట్లాలు, ఇసుకలో తొక్కలు. పాప ఇసుకలో ఆడకుండా చెయ్యి పట్టుకుని నిలబెట్టడానికైతే సముద్రం దాకా ఎందుకు? పొద్దున ఆరింటికి తిరువాన్మియూరు తీరానికి వెళ్లాం. వాన వెలిసి ఇసుక కడిగినట్టుంది. నడకకొచ్చిన వాళ్లు తప్ప ఎవరూ లేరు. గంటన్నర గుల్లలు ఏరింది. దాని చేతిలో ఏముందో అని నేను ఒక్కసారీ అరవలేదు. అలల్లో నిలబడి అది నవ్వుతుంటే మా ఆయన కళ్లు తుడుచుకోవడం చూశాను.

ఒక రోజు ముట్టుకాడు దగ్గరి దక్షిణచిత్ర. మంగళవారం సెలవు, చూసుకుని వెళ్లండి. దక్షిణాది పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. మన కోస్తా చుట్టిల్లు కూడా ఉంది, పాప దాని చుట్టూ పరుగెత్తి ఆగలేదు. కారులోనే తినిపించి తీసుకెళ్లాం కాబట్టి లోపల ఆకలి గొడవ రాలేదు. మధ్యలో వాన దంచికొడితే ఆ ఇంటి అరుగు మీదే గంట కూర్చున్నాం.

ఎగ్మోర్ మ్యూజియం మాకు ఇంకా నచ్చింది. శుక్రవారం సెలవు. 1851లో మొదలైన మ్యూజియం. అమరావతి శిల్పాలు ఉన్నాయి, మన వాళ్లు తప్పక చూడాలి. పాప మాత్రం తిమింగలం ఎముకల కింద మెడ ఎత్తి నిలబడిపోయింది. గ్యాలరీల్లో ఎవరూ తినరు. అలర్జీ పిల్లల తల్లిదండ్రులకు ఇది ఎంత పెద్ద సౌకర్యమో! మిగతా చోట్ల మేం చూసేది నేలను, పక్కవాళ్ల చేతుల్ని. అక్కడ పాపతో పాటు మేమూ తలెత్తి చూశాం.

అక్కడి నుంచి పెరంబూరు పిన్ని ఇంటికి. బాబాయి రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. "నువ్వెక్కొచ్చిన రైలు మా ఫ్యాక్టరీలోదే" అని పాపకు చెప్పి మురిసిపోయాడు. పిన్నితోనే నాకు భయం. పోయినేడు పెళ్లిలో "ఒక్క పలుకు తింటే ఏమవుతుందే, అలవాటు చేస్తే అదే పడుతుంది" అంది. ఆ రోజు నేను జవాబు చెప్పకుండా పాపను ఎత్తుకుని వచ్చేశాను. ఈసారి దోసె సంగతి, నాలుగు గంటలు కూర్చున్న సంగతి, సూదితో సహా చూపించి చెప్పాను. పిన్ని ఆ సిరంజి చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఇది నువ్వే పొడవాలా?" అంది. అవునన్నాను. మరి మాట్లాడలేదు. లేచి వెళ్లి పులుసులో తాలింపు పెట్టిన మూకుడు పక్కన పెట్టేసి, కొత్త స్టీలు గిన్నె దించి, నన్నే పక్కన నిలబెట్టుకుని కొబ్బరినూనెతో పాపకు పప్పు తాలింపు వేసింది. మా ఇల్లు దాటి పాప వేరే ఇంట్లో వండిన అన్నం తినడం అదే మొదటిసారి. రెండోసారి అడిగి పెట్టించుకుంది.

గురువారం రాత్రి బసవనగుడి చేరాం. రోడ్డు ఊడ్చారు గాని మూలల్లో, కాలవ అంచుల్లో తొక్కలు తడిసి అంటుకుని ఉన్నాయి. మా ఆయన పాపను ఎత్తుకునే మెట్లెక్కాడు, చెప్పులు బయటే వదిలాం. నేను చీపురు తీసుకుని మెట్లు కడుగుతుంటే పిన్ని ఫోన్ చేసింది. కొత్త మిక్సీ జారు ఒకటి కొని, మూత మీద పాప పేరు రాసి, పై అరలో పెట్టిందట. సంక్రాంతికి రమ్మంటోంది.