చెన్నై ఉక్కలో బైనాక్యులర్స్: ఏళ్లు వాడాక ఏది నిలిచింది, ఏది అటకెక్కింది

మేముండేది వేళచ్చేరిలో. పళ్లికరణై చిత్తడి నేల పక్కనే కాబట్టి పొద్దున్నే అటు వెళ్లొస్తుంటాను. చలికాలంలో సెలవు దొరికితే సూళ్లూరుపేట లోకల్ ఎక్కి పులికాట్ దాకా. నా బైనాక్యులర్స్ 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే, ముందు అద్దం 42 మి.మీ. ఉండేది) రూఫ్ ప్రిజమ్, అంటే గొట్టాలు నిటారుగా ఉండేది, నీరు చొరని రకం. అద్దాలు ఈ రోజుకీ కొత్తవాటిలాగే ఉన్నాయి. ఇన్నేళ్లూ వాటిని కాపాడిన సామాను గురించే ఈ సమీక్ష.

అన్నిటికన్నా గిట్టుబాటైంది రబ్బరు బ్లోయర్, అంటే పిసికితే గాలి ఊదే బుడ్డి. శ్రీహరికోట రోడ్డు మీద అటకానితిప్ప దగ్గర ఓ గంట నిలబడి రాజహంసల్ని చూసొస్తే చాలు, అద్దం మీద సన్నటి ఇసుక, ఉప్పు పొడి పేరుకుంటాయి. ఆ పొడి ఉండగానే గుడ్డ పెట్టి తుడిస్తే కోటింగ్ మీద గీతలు పడతాయి. ఆ గీతలు ఇక పోవు. అందుకే ముందు అద్దాన్ని కిందికి వంచి గట్టిగా నాలుగుసార్లు గాలి కొడతాను. అప్పటికీ అంటుకునున్న రేణువుల్ని మెత్తటి బ్రష్‌తో నొక్కకుండా దులుపుతాను. చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది. బ్లోయర్ కొనేటప్పుడు పెద్దది, అడుగున గాలి పీల్చుకునే వాల్వు ఉన్నది చూసుకోండి. వాల్వు లేనివి ఊదిన ముక్కుతోనే దుమ్ముని లోపలికి లాక్కుని మళ్లీ అద్దం మీదే కక్కుతాయి. నోటితో ఊదడం మాత్రం వద్దు, తుంపర పడుతుంది.

లెన్స్‌పెన్ (అద్దాలు తుడిచే పెన్ను లాంటి పరికరం) విషయంలో నా అభిప్రాయం కాస్త షరతులతో కూడింది. దాని కొసన ఉండే కార్బన్ పొడి జిడ్డుని బాగా లాగుతుంది. ఎక్కువ మురికయ్యేది మనం కన్ను పెట్టే వైపు అద్దమే. కనురెప్పల జిడ్డు, చెమట, సన్‌స్క్రీన్, కాటుక, అన్నీ అక్కడే అంటుకుంటాయి. వాటికి ఇది దివ్యంగా పనిచేస్తుంది. మూతని సగం చుట్టు తిప్పి తీస్తే కొసకి కొత్త పొడి అంటుతుంది. మధ్య నుంచి అంచుల వైపు చిన్న చిన్న చుట్లుగా, తేలిగ్గా తిప్పాలి. తడి అద్దం మీద వాడకూడదు. కొస జిడ్డు పీల్చేసి మరకలు పూయడం మొదలుపెట్టిందా, ఇక పారేయాల్సిందే. రెండు మూడు మార్చాను, ఏ ఒక్కసారీ డబ్బు దండగ అనిపించలేదు.

సీసాల్లో వచ్చే లెన్స్ ద్రావణం అటకెక్కింది. అద్దం మీద నోటి ఆవిరి పట్టించి, ఉతికిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే సరిపోయేదానికి అది ఎందుకో నాకు అర్థం కాలేదు. తప్పదనుకుంటే చుక్క గుడ్డ మీద వేయాలి, అద్దం మీద కాదు. ఇంట్లో కిటికీలు తుడిచే స్ప్రే దగ్గరికి కూడా రానివ్వకండి, చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది. మైక్రోఫైబర్ గుడ్డని కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రావణంలో ముంచొద్దు. ఆ జిడ్డంతా మళ్లీ అద్దం మీదికే వస్తుంది.

పులికాట్ నుంచి రాగానే నా బైనాక్యులర్స్‌ని సన్నటి కుళాయి ధార కింద కడుగుతాను. ఉప్పు కరిగిపోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. అయితే ఇది నీరు చొరని రకానికే. పాత పోరో ప్రిజమ్ (గొట్టాలు మెలిక తిరిగి ఉండే రకం) వాటిని ఇలా కడిగితే నీళ్లు నేరుగా లోపలికే వెళ్తాయి.

ఇక ఈ ఊళ్లో అసలు శత్రువు దుమ్ము కాదు, బూజు. ఐప్పసి (అక్టోబరు-నవంబరుల్లో వచ్చే తమిళ నెల), కార్తీక వానల్లో మా గదిలోని హైగ్రోమీటర్, అంటే తేమ కొలిచే పరికరం, వారాల తరబడి 80 శాతం దాటి చూపిస్తుంది. మా బావగారి పోరో బైనాక్యులర్స్ తోలు సంచీలో బీరువాలో పడి ఉండి, ప్రిజమ్ మీద తెల్లటి పోగులు అల్లుకున్నాయి. తోలు తేమని పట్టి ఉంచుతుంది, బూజుకి అదే కావాలి. బాగు చేయించడానికి ఇచ్చిన చోట బూజు పోయింది కానీ రెండు గొట్టాల వరస తప్పింది. ఇప్పుడు దానిలో చూస్తే బొమ్మ రెండుగా కనిపించి తల నొప్పి పుడుతుంది.

నేను వాడేది వంటింట్లో పప్పులు పోసుకునే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా. అందులో తేమ పీల్చే సిలికా జెల్ గింజలు, చిన్న డిజిటల్ హైగ్రోమీటర్. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే నిశ్చింత. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారగానే ఓటీజీలో (చిన్న ఓవెన్‌లో) 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. నీలం రంగువాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది కాబట్టి పిల్లలున్న ఇంట్లో నేను పెట్టను. ఖరీదైన ఎలక్ట్రిక్ డ్రై క్యాబినెట్ కెమెరాలు, లెన్సులు బోలెడున్నవాళ్లకి సరే, ఒక్క బైనాక్యులర్స్‌కి ఈ డబ్బా చాలు.

ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన వెంటనే అద్దాలకి ఆవిరి పట్టడం మామూలే. తుడవకండి, పావుగంట సంచీలోనే ఉంచి తీయండి. ఆవిరి లోపలి వైపు కనిపిస్తే మాత్రం సీల్ పోయినట్టు. అప్పుడు మీరు విప్పకుండా కంపెనీ సర్వీస్‌కి పంపాలి.

చిత్తడి నేల దగ్గర దోమలు తప్పవు. డీట్ (దోమల్ని తరిమే రసాయనం) ఉన్న క్రీమ్ రాసుకున్న చేతులతో బైనాక్యులర్స్ పట్టుకుంటే పై రబ్బరు జిగటగా మారుతుంది. నేను క్రీమ్ కాళ్లకి, మెడకి రాసుకుని చేతులు సబ్బుతో కడుక్కుంటాను, లేదంటే పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాను.