బ్రీడింగ్‌కు పందిని ఎంచేటప్పుడు: తూకం చూడాలా, తినే తీరు చూడాలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పందుల షెడ్డు నడిపేవాళ్లకు దాణా కొని పెడితే ఖర్చులో 60–70 శాతం దానికే పోతుంది. అందుకే ఈ ప్రశ్న.

ఖర్చు: తూకానికి కాటా, నోటుబుక్కు చాలు. తినే తీరుకు చెవి ట్యాగ్ చదివే ఎలక్ట్రానిక్ ఫీడర్ కావాలి. ఖరీదెక్కువ, కరెంటు నిలకడగా ఉండాలి.

శ్రమ: తూకం అప్పుడప్పుడు. ఫీడర్ లెక్క రోజూ.

తెలిసేది: అసలు తేడా ఇక్కడే. ఎంత పెరిగిందో తూకం చెబుతుంది, ఎంత తిని పెరిగిందో చెప్పదు. ఫీడరైతే ఒక్కో పంది ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపు, ఎంత వేగంగా తిన్నది, అన్నీ రాసిపెడుతుంది. ఈ గుణాలు కొంతవరకు పిల్లలకూ వస్తాయి. పందికి చెమట పెద్దగా పట్టదు, మన మే ఎండలకు మేత తగ్గిస్తుంది. ఆ వేడిలోనూ నిలకడగా తినే పందిని గుర్తించగలగడం నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది.

రిస్క్: తూకం ఒక్కటే చూస్తే దాణా ఎక్కువ లాగే రకం మిగలొచ్చు. తక్కువ తినేవాటినే ఏరుకుంటూ పోతే పెరుగుదల తగ్గొచ్చు, పాలిచ్చే తల్లి చిక్కిపోవచ్చు.

హోటల్ మిగులు తిండితో నడిచే చిన్న షెడ్డుకు తూకమే సరి. మగపందిని మాత్రం దాణా రికార్డులున్న ఫారం నుంచి తెచ్చుకోండి. బ్రీడింగ్ పిల్లల్నే అమ్మే పెద్ద ఫారమైతే ఫీడర్ మీద డబ్బు పెట్టాల్సిందే, తూకంతో కలిపి చూడాల్సిందే.