పాత కారు: నేరుగా అమ్మాలా, డీలర్‌కివ్వాలా?

తాళాలిచ్చి డబ్బు లెక్కపెట్టుకోగానే అమ్మకం అయిపోయిందనుకుంటాం. ఆర్‌సీలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో యజమాని మీరే. ఆ బండి ఎవరినైనా గుద్దితే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్నవాడిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

నేరుగా అమ్మితే నాలుగు డబ్బులు ఎక్కువే వస్తాయి, తిరుగుడూ ఎక్కువే. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు కావాలి. అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో మీరు ఆర్టీవోకు తెలపాలి, కొన్నాయనకు 30 రోజుల గడువు. లోన్ తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరుంటే ముందు ఆ పేరు తీయించే ఫారం 35 పని చూడాలి. తేదీ వేయని ఖాళీ ఫారాల మీద మాత్రం మొహమాటానికి సంతకం పెట్టకండి. తర్వాత చలాన్లన్నీ మీ ఫోన్‌కే.

డీలర్ ధర తగ్గిస్తాడు. కానీ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, అధీకృత డీలర్‌కు బండి అప్పగించినట్టు ఫారం 29సీ ఆన్‌లైన్‌లో నమోదైతే ఇక బాధ్యత అతనిదే. చిక్కంతా ‘అధీకృత’ అన్న మాట దగ్గరే. రోడ్డు పక్కన నాలుగు కార్లు నిలబెట్టిన ప్రతివాడూ ఆ లెక్కలోకి రాడు, రవాణాశాఖ ఇచ్చిన సర్టిఫికెట్ చూపించమనండి.

కొనేది తెలిసినవాళ్లయితే నేను నేరుగానే అమ్ముతాను. పక్క రాష్ట్రం మనిషైతే ఎన్‌వోసీ (ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం) తలనొప్పి కూడా తోడవుతుంది, అప్పుడు డీలరే నయం.