ఈడేల్ నుంచి కిండర్ పైకి: గ్రిండ్స్‌బ్రుక్ మేలా, క్రౌడెన్ క్లఫ్ మేలా?

మే నెల బ్యాంక్ హాలిడేలు దగ్గరపడితే చాలు, ఇంగ్లండ్‌లో మాంచెస్టర్, షెఫీల్డ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఈడేల్ ఊరి పక్కనున్న కిండర్ కొండ గురించి నన్ను అడిగేది ఇదే. "జేకబ్స్ ల్యాడర్ మెట్లు ఎక్కేశాం. ఈసారి వాగులో రాళ్లు పట్టుకుని ఎక్కే దారి చెప్పు. గ్రిండ్స్‌బ్రుక్‌కి పోవాలా, క్రౌడెన్ క్లఫ్‌కా?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి రాసి పెడుతున్నాను.

క్లఫ్ అంటే ఉత్తర ఇంగ్లండ్ వాళ్ల మాటలో మన కోన. వాగు కోసుకుంటూ వచ్చిన ఇరుకు లోయ. తిరుమలలో తుంబుర తీర్థానికి నడిచినవాళ్లకు ఈ నడక కొత్త కాదు: బండ మీంచి బండకి అడుగు, పక్కన నీళ్లు, అక్కడక్కడా చెయ్యి ఆనించడం. తేడా ఏమిటంటే, తుంబురలో కోన లోపలికి వెళ్లి అదే దారిన తిరిగొస్తాం. ఇక్కడ వాగు పట్టుకుని ఎక్కీ ఎక్కీ ఉన్నట్టుండి పైకి తేలితే ఎదురుగా చెట్టూ చేమా లేని బీడు. కిండర్ స్కౌట్, 636 మీటర్లు, పీక్ డిస్ట్రిక్ట్ అనే ఈ కొండ ప్రాంతం మొత్తంలో ఎత్తయిన చోటు. రెండు కోనలూ ఎక్కించేది ఆ బీడు దక్షిణపు అంచుకే. ఈడేల్ స్టేషన్ దగ్గర్నుంచి ఎక్కాల్సిన ఎత్తు రెండింటికీ సుమారు 350 మీటర్లు. రాయి కూడా ఒకటే, గరుకు ఇసుకరాయి.

గ్రిండ్స్‌బ్రుక్ ఊళ్లోంచే మొదలవుతుంది. ఓల్డ్ నాగ్స్ హెడ్ పబ్ దాటాక వాగు మీద చిన్న చెక్క వంతెన, తర్వాత పచ్చిక, ఆ తర్వాత లోయ. 1965లో పెన్నైన్ వే అనే దూరపు కాలినడక దారి తెరిచినప్పుడు అసలు దారి ఇదే. జనం తొక్కి తొక్కి నేల అరిగిపోతే అధికారిక దారిని జేకబ్స్ ల్యాడర్ వైపు మళ్లించారు. అయినా జనం తగ్గలేదు. కింద సగం మామూలు కాలిబాట. లోయ ఇరుకయ్యే కొద్దీ రాళ్లు పెద్దవవుతాయి. చివరి భాగమంతా బండల గుట్టే, మధ్యలోంచి నీళ్లు. ఎక్కడ చెయ్యి పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో మనిష్టం. సాహసం కావాలనుకున్నవాడు నీళ్లలోంచి ఎక్కుతాడు, వద్దనుకున్నవాడు రెండడుగులు పక్కకి జరుగుతాడు.

క్రౌడెన్ క్లఫ్‌కి ఊరు దాటి పొలాల మీదుగా అప్పర్ బూత్ దాకా రెండున్నర కిలోమీటర్లు నడవాలి. అక్కడ్నుంచి వాగు పక్కన మెల్లగా పైకి. మనుషులు తక్కువ. చాలాసేపు ఇదేం కష్టం అనిపిస్తుంది. అసలు సంగతి తలాపున ఉంటుంది. లోయ ఒక్కసారిగా నిలబడుతుంది, నీళ్లు మెట్లు మెట్లుగా బండల మీంచి దూకుతుంటాయి, పైన క్రౌడెన్ టవర్ అనే రాతి బురుజు మెడ చాచి చూస్తున్నట్టు ఉంటుంది. తాళ్లు అక్కర్లేదు, కానీ రెండు చేతులూ కావాలి. అది వద్దనుకునేవాళ్లకు కాస్త ముందే వాగుని వదిలి గట్టు మీదికి నిటారుగా ఎక్కే బాట ఉంది.

ఎత్తు, దూరం, ఫోటోలు బాగా వచ్చే చోట్లు, ఇవన్నీ అడుగుతారు. నన్నడిగితే తేల్చేది ఇవేవీ కావు. మీ గుంపులో ఒకరు మధ్యలో బిగుసుకుపోతే వాళ్లను ఏం చేస్తారు? అదొక్కటి ఆలోచించండి.

రెండేళ్ల కిందట మా బావ రాజమండ్రి నుంచి వచ్చాడు. గోదావరి గట్టు మీద రోజూ పొద్దున్నే అయిదు కిలోమీటర్లు నడిచే మనిషి. ఆ ధైర్యంతో క్రౌడెన్‌కి తీసుకెళ్లాను. ముందు రోజు వాన పడింది, ఆ రోజు సన్నటి తుంపర. పక్కబాట దగ్గర అడిగితే "నాకేంట్రా, పద" అన్నాడు. ఆఖరి బండల్లో మూడో మెట్టు మీద ఆగిపోయాడు. కాలు జారలేదు, దెబ్బ తగల్లేదు. కిందికి చూశాడు, అంతే. "ఒరేయ్ బామ్మర్దీ, నువ్వు పోరా. నేనిక్కడే కూచుంటా." మోకాళ్లు వణుకుతున్నాయి. పైకి ఇంకా ఇంటి అంతస్తంత ఎత్తు. కిందికా, ఎక్కి వచ్చిన తడి బండలే.

ఎక్కేటప్పుడు పట్టు కంటి ముందుంటుంది. దిగేటప్పుడు కాలితో వెతుక్కోవాలి. క్రౌడెన్ చిక్కు అక్కడే ఉంది: చేతులు కావాల్సిన చోటు కాళ్లు అలిసిపోయాక, చిట్టచివర వస్తుంది, పక్కబాట చీలే చోటు అప్పటికే వెనకబడిపోయి ఉంటుంది. నేను కింద నిలబడి ఆయన బూటు పట్టుకుని ఒక్కో గాడిలో పెట్టుకుంటూ దింపాను. పావుగంటలో ఎక్కిన ముక్కకి దాదాపు గంట పట్టింది. గ్రిండ్స్‌బ్రుక్‌లో అయితే ఆయన ఏదో ఒక బండ మీద కూర్చుని పులిహోర తిని, పక్కనుంచి లేచి వచ్చేవాడు. అక్కడ కష్టం కొద్దికొద్దిగా పెరుగుతుంది, మనిషికి తన భయం ఎంతో ముందే తెలిసిపోతుంది. పైగా వెనకాల పదిమంది వస్తూనే ఉంటారు.

తడి మాట కూడా ఇందులోదే. ఈ రాయి ఎండినప్పుడు గరుకు కాగితంలా బూటుని పట్టుకుంటుంది. తడిసి పాచి పట్టిన చోట సబ్బు. కిండర్ మీద నీటి రంగు చూస్తే పలచటి డికాషన్ గుర్తొస్తుంది. పైనున్న పీట్ మట్టిలోంచి, అంటే సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న నల్లటి మట్టిలోంచి ఊరి వస్తుంది కాబట్టి ఆ రంగు. మాంచెస్టర్, షెఫీల్డ్ ఫ్యాక్టరీల పొగ, దాంతో పడిన ఆమ్ల వర్షాలు ఈ బీడు మీద నాచుని చంపేశాయి. గొర్రెలు, కార్చిచ్చులు మిగతాది కానిచ్చాయి. బోసిపోయిన మట్టి మీద వాన ఆగదు, నేరుగా వాగుల్లోకి దిగుతుంది. ఇరవై ఏళ్లుగా గండ్లకు అడ్డుకట్టలు వేసి స్ఫాగ్నమ్ నాచు నాటుతున్నారు, పచ్చదనం బాగానే వస్తోంది. అయినా గట్టి వాన పడ్డ మర్నాడు క్రౌడెన్‌లో మీరు ఎక్కాల్సిన బండల మీద నీళ్లే ఎక్కువ ఉంటాయి. రెండు రోజులు పొడిగా ఉంటే తప్ప ఆ ఆఖరి ముక్క నేనిప్పుడు ముట్టుకోను.

పైకి వచ్చాక మాత్రం క్రౌడెన్‌దే గెలుపు, దాచడం ఎందుకు. గ్రిండ్స్‌బ్రుక్ తలాపున రాళ్ల కుప్ప, పక్కన శాండ్‌విచ్ తింటున్న జనం. క్రౌడెన్‌లో చివరి బండ మీద మోచేతులు ఆనించి తల పైకెత్తితే ముందు గాలి మొహానికి కొడుతుంది, తర్వాత ఆకాశం. పడమరకి నాలుగడుగులు వేస్తే ఉల్‌ప్యాక్స్, గాలీ వానా చెక్కిన నున్నటి రాళ్ల మంద, పడుకున్న బర్రెల్లా. అదృష్టం ఉంటే కొండ కుందేలు కనిపిస్తుంది. చలికాలంలో తెల్లబడే ఈ జాతి ఇంగ్లండ్‌లో ఉన్నది ఈ పీక్ డిస్ట్రిక్ట్‌లోనే.

రెండు దారుల్లో ఏది ఎక్కినా ఒక్క నియమం: అంచు బాట వదలకండి. 636 మీటర్ల శిఖరం చూద్దామని బీడు మధ్యలోకి వెళ్తే మనిషెత్తు పీట్ గండ్ల మధ్య దిక్కు తప్పుతుంది. అక్కడ చూడటానికి ఉన్నది కూడా చిన్న రాళ్ల కుప్పే. పొగమంచు కమ్మితే పైకి రాగానే ఎడమకి తిరిగి అంచు పట్టుకుంటే జేకబ్స్ ల్యాడర్ వైపు పోతారు. దిగడానికి అదే మంచిది, ఎక్కిన కోనలోంచి దిగొద్దు.

మిగతావి? ఫెయిర్ బ్రుక్, బ్లాక్‌డెన్ బ్రుక్ స్నేక్ పాస్ రోడ్డు వైపు. బాగుంటాయి, కారు కావాలి. గోల్డెన్ క్లఫ్ గ్రిండ్స్‌బ్రుక్‌కి చిన్న తమ్ముడు. విలియం క్లఫ్ హేఫీల్డ్ వైపు. 1932 ఏప్రిల్ 24న కొండల మీద నడిచే హక్కు కోసం వందల మంది ఎక్కింది అటువైపే, అయిదుగురు జైలుకి కూడా వెళ్లారు. చరిత్ర కోసం వెళ్లొచ్చు, చేతులకు పెద్ద పని ఉండదు.

కాబట్టి పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు, పదిమంది గుంపు అయితే గ్రిండ్స్‌బ్రుక్. ఇద్దరు ముగ్గురు ఉండి, అందరూ ఇదివరకు గ్రిండ్స్‌బ్రుక్‌ని నీళ్లలోంచే ఎక్కి నవ్వుతూ పైకి వచ్చి ఉంటే, పొడి రోజు చూసుకుని క్రౌడెన్. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నా కాళ్లు అటే లాగుతాయి, కానీ ఆ పని మీకు చెప్పను. అందులోనూ కోన లోపల ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం. ప్రమాదం జరిగితే 999 కొట్టి పోలీస్ అని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వచ్చేది జీతం లేని వాలంటీర్లు.

జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. డిసెంబర్‌లో నాలుగు గంటలకల్లా చీకటి, హెడ్‌టార్చ్ ఉండాలి. ఫోన్ మ్యాప్‌లో ఉత్త క్రౌడెన్ అని కొట్టకండి, లాంగ్‌డెండేల్‌లో అదే పేరుతో ఇంకో ఊరుంది, కొండకి అవతల. అప్పర్ బూత్ అని కొట్టండి.