స్థితిస్థాపక అభిఘాతం లెక్కకు ఏ పద్ధతి మేలు?

ఏకమితీయ స్థితిస్థాపక అభిఘాతంలో, అంటే ఒకే సరళరేఖపై జరిగి మొత్తం గతిజశక్తి మారని ఢీకొనడంలో, ద్రవ్యవేగ (ద్రవ్యరాశి × వేగం), గతిజశక్తి నిత్యత్వ సమీకరణాలు రెండింటినీ నేరుగా సాధించాలా, లేక శక్తి సమీకరణానికి బదులు సాపేక్ష వేగాల సంబంధాన్ని వాడాలా అని ఇంటర్ విద్యార్థులు పదే పదే అడుగుతుంటారు.

3 కి.గ్రా. బంతి 5 మీ/సె. వేగంతో కుడివైపుకు, 1 కి.గ్రా. బంతి 3 మీ/సె. వేగంతో ఎడమవైపుకు వచ్చి ఎదురెదురుగా ఢీకొన్నాయనుకుందాం. కుడి దిశను ధనాత్మకంగా తీసుకుంటే మొత్తం ద్రవ్యవేగం 12. పెద్ద బంతి తుది వేగం ‘వ’ అయితే చిన్నదాని వేగం 12 − 3వ అవుతుంది. దీన్ని శక్తి సమీకరణంలో ప్రతిక్షేపించి సూక్ష్మీకరిస్తే వ² − 6వ + 5 = 0 వస్తుంది; మూలాలు 1, 5.

ఈ 5 ఎక్కడిది? అది పెద్ద బంతి తొలి వేగమే. బంతులు అసలు ఢీకొనకపోయినా రెండు నియమాలూ వర్తిస్తాయి కాబట్టి, ఈ దారిలో ఏ లెక్క చేసినా తొలి వేగం ఒక మూలంగా వచ్చి తీరుతుంది. అంటే మనకు ముందే తెలిసిన జవాబును మళ్లీ కనుక్కోవడానికే వర్గ సమీకరణంతో కుస్తీ పడుతున్నామన్నమాట.

రెండు సమీకరణాల్లోనూ ఒక్కో బంతి పదాలను ఒక్కో వైపు చేర్చి, శక్తి సమీకరణాన్ని ద్రవ్యవేగ సమీకరణంతో భాగించినప్పుడు, వేగం మారిందన్న షరతు మీదనే ఆ భాగహారం చెల్లుతుంది కనుక, అక్కరలేని మూలం అక్కడే తొలగిపోయి, దగ్గరయ్యే వేగం దూరమయ్యే వేగానికి సమానమన్న సరళ సంబంధం మిగులుతుంది. ఇక్కడ దగ్గరయ్యే వేగం 5 − (−3) = 8. కాబట్టి 12 − 3వ = వ + 8; పెద్ద బంతి వేగం 1, చిన్నదానిది 9 మీ/సె. అభిఘాతానికి ముందూ తర్వాతా గతిజశక్తి 42 జౌళ్లే. నియమాన్ని వదులుకోకుండానే శ్రమ తగ్గుతోంది గనుక నా మొగ్గు దీనివైపే. అయితే రుణ గుర్తు మరిచి 5 − 3 = 2 అని వేసుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది.

ద్రవ్యరాశి కేంద్రం వేగం 3ను రెట్టింపు చేసి తొలి వేగాలను తీసివేసినా 1, 9 వస్తాయి. సరిచూసుకోవడానికి ఇది చాలు. ఏటవాలు అభిఘాతంలో మాత్రం సాపేక్ష వేగ సంబంధం తాకిడి రేఖ (తాకిన చోట బలం పనిచేసే దిశ) వెంబడి ఉండే వేగ అంశాలకే వర్తిస్తుంది. ఆ రేఖ తెలియనప్పుడు శక్తి సమీకరణాన్ని ఆశ్రయించక తప్పదు.

ఇక కంఠస్థం చేసే సూత్రాలు లక్ష్యం (ఢీకొట్టబడే వస్తువు) నిశ్చలంగా ఉన్నప్పుడు అక్కరకొస్తాయి. అప్పుడు లక్ష్యం పొందే వేగం = 2 × ఢీకొట్టేదాని ద్రవ్యరాశి × దాని తొలి వేగం ÷ రెండు ద్రవ్యరాశుల మొత్తం. ఉదాహరణకు, 1932లో భౌతిక శాస్త్రవేత్త చాడ్విక్ కనుగొన్న న్యూట్రాన్ అనే కణం వేగం నేరుగా కొలవడానికి వీలులేనిది. అది తాకినప్పుడు హైడ్రోజన్, నైట్రోజన్ కేంద్రకాలు పొందిన గరిష్ఠ వేగాలు సుమారు 3.3 × 10⁷, 4.7 × 10⁶ మీ/సె. హైడ్రోజన్ కేంద్రకం (ప్రోటాన్) ద్రవ్యరాశిని 1గా, నైట్రోజన్‌ది 14గా తీసుకుని, ఆ వేగాల నిష్పత్తిని (మ + 14)/(మ + 1)కు సమానం చేస్తే తెలియని తొలి వేగం రద్దై, న్యూట్రాన్ ద్రవ్యరాశి ‘మ’ దాదాపు 1.16గా, అంటే ప్రోటాన్ ద్రవ్యరాశికి దగ్గరగా వస్తుంది.